చివరి తలుపు దాకా

వెనకగదిలోకి మొన్న ఆదివారం కొత్తగా ఒక మలయాళీ దిగాడు. దిగేముందే గోడలకు రంగు వేయించమని యజమాని మనిషిని అడిగాడట, పెన్సిలు గీతలు ఎక్కువగా ఉన్నాయని. పెయింటరు ఉదయం ఎనిమిదింటికి వచ్చి పదకొండున్నరకి వెళ్ళిపోయాడు. ఆ మూడున్నర గంటలూ నేను వంటింట్లోంచి కదల్లేదు. ఆ గీతలు ఏమిటో ఈ విల్లా మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. చిన్న చిన్న సున్నాలు, వాటిని కలుపుతూ గీతలు, కొన్ని గీతల మీద అడ్డంగా ఒక కొట్టివేత, పక్కన తారీఖు. ఒకరి దగ్గర బయల్దేరిన డబ్బు ఎవరెవరి చేతుల మీదుగా ఇంకొకరికి చేరగలదో ఇంతకుముందు ఆ గదిలో ఉన్నతను అలా గోడ మీద వెతికేవాడు.

పేరు రాయను. డబ్బు పంపడానికి గదిలో పెట్టుకున్న చిన్న మిషనుకు కూడా తన పేరు పెట్టుకోని మనిషి. నేను ఇక్కడ పెట్టడం మర్యాద కాదు.

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మాది పాత విల్లా, ఐదు వాటాలుగా కోసి అద్దెకిచ్చారు. ముందు వాటాలో మా అమ్మాయి కుటుంబం, వాళ్ళతో నేను. వెనక ఒకప్పటి డ్రైవరు గదిలో అతను ఒక్కడే పందొమ్మిది నెలల మూడు రోజులు ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి. నలభై తొమ్మిదేళ్ళు. ఆఫీసుల్లో కంప్యూటర్ల వైర్లు, నెట్‌వర్కులు చూసే కంపెనీలో డ్యూటీ. నాకు అరవై ఎనిమిది. మాది పాలకొల్లు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు లెక్కలు రాసి దిగిపోయాను. నన్ను అతను మొదటి నెల మేడమ్ అన్నాడు, రెండో నెల నుంచి అక్కా అన్నాడు, సరదా పుడితే ఆడిటరక్కా అనేవాడు. నేను ఆడిటర్ని కాదని, అకౌంట్స్ సూపర్‌వైజర్నని ఎన్నిసార్లు దిద్దినా అంతే.

బస్సు దిగి మా గేటుకు రావడానికి నాలుగు నిమిషాలు చాలు. అతనికి పదకొండు పట్టేది, ఒక్కోరోజు ఇరవై. కిటికీలోంచి చూసేదాన్ని. ఒకరోజు లాండ్రీ పక్క సందులోంచి, ఒకరోజు మసీదు వెనక నుంచి, ఒకరోజు ఎక్కడి నుంచో చెప్పలేనట్టుగా ప్రత్యక్షమయ్యేవాడు.

"రోజుకో దారేమిటయ్యా? ఎవరికైనా బాకీ ఉన్నావా?" అని అడిగాను.

"ఒక్క తొవ్వనే నమ్ముకుంటే అది బందైననాడు ఏం జేస్తమక్కా?" అన్నాడు.

నారింజ తొక్కను ఎక్కడా తెగకుండా ఒకే పట్టీగా ఒలిచేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. మా వంటింటి గుమ్మం బయటి మెట్టు మీదే కూర్చునేవాడు, చెప్పులు గేటు వైపు తిప్పి పెట్టుకుని. ఏదైనా అడిగితే ముందు ఆకాశంకేసి చూసి, తర్వాత జవాబు చెప్పేవాడు. కానీ నాకు మిగిలిన అన్నిటికన్నా వింతగా అనిపించింది ఒకటుంది. "లేదు" అన్న మాట వింటే అతనికి సంతోషం.

మూలమీది బకాలా కొట్టుకి ఒకసారి ఇద్దరం కలిసి వెళ్ళాం. నాకు గోంగూర కావాలి. కొట్టతను తల కూడా ఎత్తకుండా "మాఫీ" అన్నాడు. లేదని. ఇతను చేతులు రెండూ గుండె మీద పెట్టుకుని "షుక్రన్, షుక్రన్" అన్నాడు, ఏదో బహుమతి అందుకున్నట్టు.

"లేదన్నందుకు అన్ని దండాలా?" అన్నాను బయటికొచ్చాక.

"లేదని చెప్పినోడు మంచోడక్కా. ఇంకో దుకాణం దేవులాడుకుంటం. అవునూ అనకుండ కాదూ అనకుండ కూసుంటడు సూడు, గా మనిషితోనే పరేషాని. మన పైసలు ఆయన గడపల ఇరుక్కుంటయ్, ముందటికి పోవు, ఎనుకకు రావు."

అప్పుడు అది గోంగూర మాట అనుకున్నాను. అతని మాటలన్నీ తిరిగి తిరిగి ఆ మిషను దగ్గరికే చేరతాయని నాకు అర్థమైంది జనవరి పది, శుక్రవారం. చర్చి నుంచి వచ్చి, వేయించిన పల్లీలు చిన్న పళ్ళెంలో పెట్టి గుమ్మంలో ఉంచాను. ఆ గోడ మీది గీతలేమిటో చెప్పమన్నాను. అతను ఆకాశంకేసి చూశాడు. తర్వాత మా టీగ్లాసులు ఐదు అడిగి మెట్టు మీద వరసగా పెట్టాడు. ప్రతి రెండు గ్లాసుల మధ్య పదేసి పల్లీలు పేర్చాడు.

"ఇవి ఏందక్కా?"

"పల్లీలు."

"పైసలనుకోండ్రి. బిట్‌కాయిన్ పేరు ఇన్నరు కదా. అండ్ల ఇదొక పద్ధతి."

ఇద్దరు మనుషులు కలిసి కొంత మొత్తం ఒకచోట బిగించి పెట్టుకుంటారు. దాన్ని చానెల్ అంటారు. ఆ తర్వాత వాళ్ళ మధ్య ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా పల్లీలు అటూ ఇటూ జరుగుతాయి తప్ప, అందరూ చూడగలిగే ఊరి పుస్తకంలో ఏమీ ఎక్కదు. ఒక్కో జరుపుకూ ఇద్దరూ కొత్త లెక్క రాసుకుని పాతదాన్ని చెల్లనిదిగా చేస్తారు. విడిపోయేరోజున ఆఖరి లెక్క మాత్రం బయటపెడతారు. ఇంతవరకు నాకు నచ్చింది.

"ముక్కూ మొహం తెలియనివాడికి పంపాలంటే?"

"నేను మొదటి గిలాస, వాడు ఐదో గిలాస. నేను రెండోదానికి ఒక పల్లీ జరుపుత. రెండోది తన దాంట్లకెంచి మూడోదానికి జరుపుతది. గట్ల గట్ల ఆఖరుకు. నడిమిట్లోళ్లకు ఎవరు పంపిండ్రో తెల్వదు, ఎవరికి పోతదో తెల్వదు. ముందటి ఇల్లు, ఎనుకటి ఇల్లు, గంతే."

"మధ్యవాడు నొక్కేస్తే?"

"నొక్కలేడు. ఆఖరోని దగ్గరున్న చెవితోనే అందరి తాళాలు తెరుచుకుంటయ్. ఆయన తియ్యకుంటె ఎవల పల్లీలు వాళ్లకే."

"సరే. మూడో గ్లాసు వైపు పల్లీలే లేకపోతే? అన్నీ అవతలి వైపుకి జరిగిపోయి ఉంటే?"

అతను తొడ చరుచుకున్నాడు. "గదే అక్కా! గదే నా పని."

రెండు గ్లాసుల మధ్య మొత్తం పది అని లోకానికి తెలుసు. ఎటువైపు ఎన్ని ఉన్నాయో ఆ ఇద్దరికే తెలుసు. కాబట్టి దారి వెతికేవాడు ఊహించాలి, పంపి చూడాలి, ఆగితే ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని ఇంకో దారి పట్టాలి. దగ్గరి దారే మంచి దారని లేదు. మధ్యవాళ్ళు తీసుకునే కూలి తక్కువని వెళ్తే మధ్యలో ఆగిపోవచ్చు. గోడ మీది కొట్టివేతలు అలా ఆగిపోయిన చోట్లు. పక్కన తారీఖు ఎందుకంటే, నిన్న లేదన్నవాడి దగ్గరికి ఇవాళ పల్లీలు వచ్చి ఉండొచ్చు. పాత "లేదు"ను ఎక్కువ రోజులు దాచుకోవద్దు అనేవాడు. వారం దాటిన కొట్టివేతల్ని రబ్బరుతో తనే తుడిచేసేవాడు.

"అయితే మీ లెక్కలకు ఆడిటరే లేడన్నమాట," అన్నాను.

"లేడు. ఒకరి లెక్క ఇంకొకరు సూడద్దనే ఇదంత."

"నేనైతే ఒక్క పైసా పెట్టను."

"మీరు పెట్టరని నాకెర్కనే."

లేచి గ్లాసులు తీస్తూ పల్లీలు లెక్కపెట్టాను. నాలుగు పదులు నలభై ఉండాలి, ముప్ఫై నాలుగే ఉన్నాయి.

"ఆరు తిన్నావు."

"నడిమిట్లోళ్ల కూలి అక్కా," అన్నాడు నోరు తుడుచుకుంటూ.

అతను పెట్టిన మొత్తాలు చాలా చిన్నవి. వ్యాపారం కాదు. ఇంత చిన్న మొత్తాలకు ఇంత వెతుకులాట ఏమిటని అడిగితే చెప్పేవాడు కాదు. కానీ రోజూ సాయంత్రం ఆరున్నరకి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ మెట్టు మీద కూర్చోవడం, రెండు మూడు నిమిషాలు ఊపిరి బిగపట్టినట్టు చూడడం, తర్వాత మూత వేసి "ఆఁ" అనడం నేను దాదాపు రోజూ చూశాను. ఆ "ఆఁ"లో ఎంత తృప్తి ఉండేదో. అది వినడానికే ఆ వేళకి నేను వంటింట్లో ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. ఇది ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను.

కొన్నాళ్ళకి దాని సంగతీ చెప్పాడు. ఆరున్నరకి అతను పంపేది ఎవరూ తీయలేని పెట్టె. దాని తాళంచెవి ఎవరి దగ్గరా ఉండదు, కావాలనే అలా చేస్తాడు. దారి బాగుంటే ఆ పెట్టె చివరి తలుపు దాకా వెళ్తుంది. అక్కడి మిషను "ఇది నాది కాదు" అని తిప్పి పంపుతుంది. అందరి పల్లీలూ ఎక్కడివక్కడికి వచ్చేస్తాయి. దారి బాగోకపోతే మధ్యలో ఏ తలుపు దగ్గర ఆగిందో కబురు వస్తుంది. పెద్ద మొత్తం పంపేముందు దారి పరీక్షించుకోవడానికి ఈ పద్ధతి ఉందట. ఇతను పెద్ద మొత్తం ఎప్పుడూ పంపలేదు.

"అంటే కాదనిపించుకోవడానికే పంపుతున్నావా?"

"ఎవరు కాదన్నరో అది ముఖ్యమక్కా. నడిమిట్ల కాదంటె తొవ్వ లేదు. ఆఖరి దర్వాజ కాదంటె తొవ్వ ఉన్నది, ఇంట్ల మనిషున్నడు."

ఆ ఇంట్లో మనిషి ఎవరో ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఇక్కడికి రాకముందు ఇతను దేశానికి ఉత్తరం కొసనున్న మదీనత్ అల్ షమాల్‌లో పనిచేశాడు. అక్కడ మూడేళ్ళు ఒకే గదిలో, ఒకే గిన్నెలో తిన్న స్నేహితుడు. బందరు వైపు మనిషి. ఇద్దరూ కలిసి ఈ విద్య నేర్చుకున్నారు. మొదటి చానెల్ ఇద్దరి మధ్యే పెట్టుకున్నారు. ఇతను దోహా వచ్చాక కూడా రోజూ పల్లీలు జరుపుకునేవారు. పోయిన నవంబరులో అది తెగిపోయింది.

తెగిన తీరు నాకు వెంటనే అర్థమైంది, లెక్కలు రాసినదాన్ని కాబట్టి. విల్లాలో కరెంటు పోయినప్పుడు ఇతని మిషనులోని మెమరీ కార్డు చెడిపోయింది. కరెంటు వచ్చిన రాత్రే, ఎప్పుడో దాచిన పాత కాపీని కొత్త కార్డులోకి ఎక్కించాడు. ఆ కాపీలో ఉన్నది పాత లెక్క, చెల్లనిదిగా చేసేసిన లెక్క, ఇతనివైపు ఎక్కువ పల్లీలున్న లెక్క. మిషను తనంతట తానే దాన్ని ఆఖరి లెక్కంటూ ఊరి పుస్తకంలో పెట్టేసింది. ఈ పద్ధతిలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. చింపేసిన బిల్లును మళ్ళీ అతికించి డబ్బడిగినట్టు. దానికి శిక్ష కూడా మిషన్లే వేస్తాయి. అవతలి మిషను మోసం పట్టుకున్నానని మొత్తం లాగేసుకుంది. ఇక్కడి డబ్బులో ముప్ఫై రియాళ్ళు. స్నేహితుడు ఇతని ఫోను బ్లాకు చేశాడు.

"వాడు నన్ను దొంగ అనుకున్నడక్కా," అన్నాడు ఒకసారి. ఒలుస్తున్న నారింజ తొక్క అప్పుడు తెగింది.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం నేను ఊరుకోలేకపోయాను.

"షమాల్ ఎంత దూరమయ్యా?"

"నూరు కిలోమీటర్లుంటది."

"బస్సుందా?"

"ఉన్నది."

"నీ పెట్టె ఏ దారిన వెళ్తోంది ఇవాళ?"

"జర్మనీల ఒకరు, ఇంకొకరు యాడనో తెల్వదు, ఆ తర్వాత బ్రెజిల్ల ఒకరు, ఆ తర్వాత వాడు."

"బుద్ధుందా? బస్సెక్కితే గంటన్నరలో వాడి గుమ్మంలో ఉంటావు. బ్రెజిల్ మీదుగా తలుపు కొట్టి పారిపోతావా రోజూ, పిల్లాడిలా?"

నవ్వాడు. "బస్సుల పోయి నేను నిలబడ్డంక వాడు కాదంటె?"

"అంటే అన్నాడు. లేదన్నవాడు మంచోడని నువ్వేగా చెప్పావు."

చెప్పుల్ని మళ్ళీ గేటు వైపు సరిచేసుకున్నాడు. తర్వాత, "గా ముచ్చట వేరే అక్కా. ఈ పెట్టెను ఎవరైనా కాదనాల్సిందే. అందుకే కాదన్నా పానానికి ఏం గాదు," అన్నాడు.

ఫిబ్రవరి ఇరవై రెండు, శనివారం, సాయంత్రం ఏడుంపావుకి వచ్చాడు. ఆ వేళప్పుడు ఎప్పుడూ రాడు. మెట్టు మీద కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు.

"అక్కా, ఇయ్యాల నిజంగ పంపుదామనుకుంటున్న. వాడు తీసుకునేటట్టు. ఒక్క పైస పంపినా దానెంబడి నాలుగు మాటలు పంపొచ్చు. మీరు తారీఖులు రాస్తరు కదా. కరెంటు ఏనాడు పోయింది, నా మిషను ఏనాడు ఖరాబయింది, రాసి మీ సంతకం పెట్టుండ్రి. అవే మాటలు పంపుత. నేను చెప్తె వాడు నమ్మడు. మూడో మనిషి చెప్తె నమ్ముతడు."

డైరీ తెచ్చాను. నవంబరు రెండు, శనివారం. మధ్యాహ్నం రెండుంపావుకి విల్లా ప్యానెల్ కాలింది, రాత్రి ఎనిమిదింటికి కరెంటు వచ్చింది, ఫ్రీజర్లో మూడు కిలోల చేప పారేశాం. అంతా ఉంది.

"కరెంటు పోయిందని రాస్తాను," అన్నాను. "మిషను చెడిందని రాయను. నేను చూడలేదు."

"నేను చెప్తున్న కదక్కా."

"నువ్వు చెప్పింది నువ్వు చెప్పావని రాయగలను. చూడనిదానికి సంతకం పెట్టను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పెట్టలేదు."

ఆకాశంకేసి చూశాడు. "నిజమే," అన్నాడు. "మీరు అన్నది కరెక్టే ఆడిటరక్కా." నవ్వుతూనే అన్నాడు. వెళ్ళిపోయాడు. ఏమీ పంపలేదు. మర్నాడు ఆరున్నరకి మామూలుగా ఎవరూ తీయలేని పెట్టె పంపి, మూత వేసి, "ఆఁ" అన్నాడు.

మార్చి పదమూడు, గురువారం. రంజాన్ నెల, డ్యూటీ టైములు మారాయి. మధ్యాహ్నం నాలుగింటికి వాళ్ళ కంపెనీ మనిషి గేటు దగ్గరికి వచ్చి అతని పాస్‌పోర్టు ఏ పెట్టెలో ఉంటుందో తెలుసా అని అడిగాడు. పని చేస్తూ చేస్తూ కూర్చున్నాడట, కూర్చున్నవాడు లేవలేదట. గుండె. పదిహేడున శవాన్ని జగిత్యాల పంపించారు. పద్దెనిమిదిన గది ఖాళీ చేశారు. అగ్గిపెట్టెకి నాలుగింతలుండే ఆ మిషనును చేతిలోకి తీసుకుని "ఇదేమిటి?" అని నన్నడిగారు. ఏం చెప్పాలో తెలియక ఇంటికి పంపమన్నాను. బట్టల మధ్య పెట్టారు. ఆ రోజు నుంచి ఆరున్నరకి నాకు వంటింట్లో పని ఉండటం లేదు. అయినా వెళ్తాను. మా అమ్మాయి హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి, "ఖాళీ స్టవ్ ముందు ఏం చేస్తున్నావమ్మా?" అంటుంది.

మార్చి ఇరవై రెండు, శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర ఒకాయన నిలబడ్డాడు. నలభై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఏమీ లేదు.

"నమస్కారమండి. వెనకగదిలో ఆయన ఊరెళ్ళాడాండి? మొదటిరోజు సామాను దింపడానికి నేనే వచ్చాను, అప్పుడు మీరు లేరు."

ఎవరో తెలిసిపోయింది. ఇలాంటివి తిప్పి చెప్పడం నాకు రాదు. చెప్పాను. అతను గేటు పట్టుకుని వెనకగది తలుపుకేసి చూశాడు. లోపలికి రమ్మంటే వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా మెట్టు మీదే కూర్చున్నాడు.

"రోజూ ఆరున్నరకి ఒకటి వచ్చేదమ్మా," అన్నాడు. "పదమూడో తారీఖు నుంచి రాలేదు. దారి దొరకలేదేమో అనుకున్నా. నాలుగు రోజులు, అయిదు రోజులు. తొమ్మిది రోజులు దారి దొరక్కుండా ఉండడు వాడు."

"పంపింది ఎవరో కనిపించదు కదా?"

"కనబడదండి. కానీ రోజూ నూటపదకొండు బిట్‌కాయిన్ పైసలే. మేం మొదటిసారి పంపుకున్నది అంతే. ఇంకెవడు పంపుతాడండీ నాకు నూటపదకొండు?"

"తెలిసి ఎందుకు జవాబివ్వలేదు?"

"దానికి 'నాది కాదు' అనడం తప్ప జవాబు లేదమ్మా. అది మిషనే అంటుంది. నేను చేసిందల్లా మిషను ఆపకపోవడం. డిసెంబర్లో గది మారాను. సామానుకన్నా ముందు దాన్ని బ్యాటరీ పెట్టి ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళా, ఆరున్నర దాటకుండా. మొత్తం నూట పందొమ్మిది పెట్టెలు వచ్చాయి."

నవంబరు పది నుంచి మార్చి పన్నెండు దాకా నూట ఇరవై మూడు రోజులు. "నాలుగు రోజులు దారి దొరకలేదు," అన్నాను. "ఆ నాలుగు రోజులూ అన్నం తినలేదు."

అతను మొహం తిప్పుకున్నాడు. గేటుకేసి చూస్తూనే అన్నాడు.

"ముప్ఫై రియాళ్ళకి అలిగానా అమ్మా నేను? నవంబరు నాలుగో తారీఖున నా మిషను వాడిది లాగేసుకుంది. నేను మూడు రోజులు చూశా. 'ఒరే, పొరపాటైంది' అని ఒక్క ఫోను వస్తుందని. నాలుగు, అయిదు, ఆరు. ఏడో తారీఖున బ్లాకు చేశా. మూడు రోజులు ఏం చేస్తున్నాడమ్మా వాడు?"

డైరీ తెచ్చాను. ఫిబ్రవరిలో ఆ రోజు నేను రెండో తారీఖు పేజీ చూసి మూసేశాను. ఇప్పుడు పేజీ తిప్పాను. నా అక్షరాలే. బయటికి చదివాను.

"నవంబరు మూడు, ఆదివారం. వెనకగది ఆయన ఉదయం అయిదింటికి డ్యూటీ మీద దుఖాన్ ఊరికి వెళ్ళాడు, ఆరు రోజులు. తాళం నాకిచ్చాడు, కరివేపాకు కుండీకి నీళ్ళు పోయమని. నవంబరు నాలుగు, సోమవారం. నీళ్ళు పోశాను. గదిలో చిన్న పెట్టె మీద ఎప్పుడూ పచ్చగా ఉండే లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. అతనికి చెప్పాలి."

చేయవలసిన పని రాసుకుంటే, చేశాక పక్కన టిక్కు పెట్టడం నా అలవాటు. దాని పక్కన టిక్కు లేదు.

"ఎనిమిదిన వచ్చాడు," అన్నాను. "తొమ్మిదిన మిషను తెరిచి చూసుకున్నాడు. అప్పటిదాకా అతనికి తెలియదు. అప్పుడు నీకు ఫోను చేశాడు."

అతను వంగి ఆ పేజీలో తారీఖు చూసుకున్నాడు. మిగిలినది కూడా చెప్పకపోతే ఆ డైరీ ముట్టుకునే అర్హత నాకు ఉండదు. చెప్పాను. ఫిబ్రవరిలో అతను వచ్చి కాగితం అడిగాడని, నేను చూడలేదని రాయనన్నానని. కానీ ఆ ఎర్ర లైటు చూశాను. రాసుకున్నాను. పేజీ తిప్పలేదు. ఆ కాగితం ఇచ్చి ఉంటే ఆ రాత్రే నీకు అందేదని.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. అతను నా వైపు తిరిగి, మొహంలో ఏదో వెలిగినట్టు,

"వాడు అడిగాడా?" అన్నాడు.

"అడిగాడు."

"నాకు పంపడానికా? పెట్టె కాదు, నిజంగా పంపడానికా?"

"నువ్వు తీసుకునేటట్టు పంపుతానన్నాడు. నాలుగు మాటలు పెట్టి."

"వాడే వచ్చి అడిగాడా, మీరు అడగమన్నారా?"

"వాడే వచ్చాడు."

"ఎప్పుడమ్మా?"

"ఫిబ్రవరి ఇరవై రెండు, శనివారం. సాయంత్రం ఏడుంపావు."

"ఏడుంపావు," అన్నాడు. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "నేనప్పుడు గదిలోనే ఉన్నా. అన్నం వండుతున్నా." మెట్టు చుట్టూ చూసి, "ఇక్కడేనా నిలబడ్డాడు?" అన్నాడు.

"అక్కడే. నీకు కుడిపక్కన. కూర్చోలేదు."

అతను కొంచెం ఎడమకి జరిగాడు.

"ఏం చొక్కా వేసుకున్నాడమ్మా?"

డైరీలో ఆ రోజు పేజీ తీశాను. పైనుంచి కింది దాకా చూశాను. రాసుకోలేదు.